పని ముగిశాక దండెం కట్టండి: జట్టుతో సింహావలోకనం జరిపే పద్ధతి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి మొక్కలు నాటించే పని ముగిసిన తరువాత మా జట్టు జరిపిన మొదటి సమీక్షా సమావేశం ఇరవై నిమిషాల్లో చెడిపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తరతరాల కొబ్బరి, జీడి, పనస తోటలను నేలకూల్చిన సంగతి ఈ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. వాటిలో కొన్నింటినైనా తిరిగి నిలబెట్టాలన్న ఆశతో, 2022 వర్షాకాలంలో, కొన్ని ఊళ్ల మహిళా సంఘాలతో కలిసి మేము మొక్కలు నాటించాము. మరుసటి వేసవికి వాటిలో చాలా భాగం ఎండిపోయింది. మే నెలలో అందరం మా కార్యాలయంలో కూర్చున్నప్పుడు, సమావేశం నడిపే బాధ్యత నాది కనుక, "మొక్కలు ఎందుకు చచ్చిపోయాయి?" అనే ప్రశ్నతో నేను మొదలుపెట్టాను. "నీళ్లు పోయలేదు" అని మా క్షేత్ర సిబ్బందిలో ఒకరు వెంటనే అన్నారు. వెనుక వరుసలోని పెద్దావిడ లేచి, "మీరు సెప్పినట్టే సేసినాం బాబూ, బిందెల్తో మోసినాం, ఇంకేటి సెయ్యమంటారు?" అని కూర్చున్నారు. ఆ తరువాత ఎవరూ నోరు విప్పలేదు. టీలు వచ్చాయి, తాగాము, వెళ్లిపోయాము.

అదే విషయం మీద మూడు వారాల తరువాత మరో విధంగా కూర్చున్నాము. ఆ రెండో సమావేశంలో బయటపడిన కారణం మొదటి సమావేశంలో ఎవరి ఊహకూ అందలేదు. ఆ రెండింటి మధ్య తేడా అంతా కూర్చున్న పద్ధతిలోనే ఉంది కనుక, ఆ పద్ధతిని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న జట్లను నడిపేవారి కోసం వివరంగా రాస్తున్నాను. బడిలో సైన్సు ప్రదర్శన నిర్వహించిన ఉపాధ్యాయులైనా, చెరువు మదుము బాగుచేయించిన రైతు సంఘమైనా, సాఫ్ట్‌వేరు తయారుచేసే ఆరుగురు కుర్రవాళ్లైనా దీన్ని తమ పనికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

ఈ సమావేశం దేనికి

మన భాషలో దీనికి చక్కని మాట ముందునుంచీ ఉంది. సింహం కొంత దూరం నడిచి, ఆగి, తాను వచ్చిన దారిని ఒకసారి తిరిగి చూసుకుని మళ్లీ సాగుతుందని పెద్దలు చెప్పేవారు. దాన్నే సింహావలోకనం అన్నారు. వెనక్కి చూడడం అక్కడ నడకలో భాగమే. ఇతర దేశాల్లోనూ ఈ అలవాటు వేర్వేరు వృత్తుల్లో వేర్వేరుగా పుట్టింది. అమెరికా సైన్యం 1970ల దశకంలో తన శిక్షణలో భాగంగా, ప్రతి విన్యాసం ముగిశాక నాలుగు ప్రశ్నలతో కూర్చునే పద్ధతిని రూపొందించుకుంది: ఏమి జరగాలనుకున్నాము, ఏమి జరిగింది, తేడా ఎలా వచ్చింది, ఈసారి ఏది నిలుపుకోవాలి, ఏది మార్చుకోవాలి. 2001లో పదిహేడు మంది సాఫ్ట్‌వేరు నిపుణులు కలిసి ప్రకటించిన ఎజైల్ (సాఫ్ట్‌వేరును చిన్న చిన్న విడతలుగా తయారుచేసే పద్ధతి) సూత్రాల్లో చివరిది కూడా ఇదే. జట్టు నిర్ణీత కాలానికి ఒకసారి ఆగి, తన పనితీరును తానే పరిశీలించుకుని సరిదిద్దుకోవాలని అది చెబుతుంది.

మన రాష్ట్రంలో ఇలాంటి సమావేశం అనగానే చాలామందికి సామాజిక తనిఖీ గుర్తుకు వస్తుంది. ఉపాధి హామీ పనుల మస్తర్లను ఊరివారి ముందు చదివి వినిపించే ఆ ప్రక్రియ ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది. అది ఎంతో అవసరమైన పని. కానీ అది జవాబుదారీ కోసం పెట్టింది. డబ్బు ఎవరి చేతికి చేరింది, ఎవరి చేతిలో ఆగింది అనేది అక్కడి ప్రశ్న. నేర్చుకోవడం కోసం కూర్చునే సమావేశాన్ని, లెక్క అడగడం కోసం కూర్చునే సమావేశాన్ని ఒకే మధ్యాహ్నం, ఒకే గదిలో జరపకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ రెండూ కలిస్తే ప్రతి మనిషీ తన కాగితాలను తాను కాపాడుకునే పనిలో పడతాడు. నేర్చుకోవడానికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే సమీక్ష మధ్యలో డబ్బు అవకతవక గాని, ఒకరి మీద వేధింపు ఫిర్యాదు గాని బయటపడితే, "ఇది ఇక్కడ తేల్చే విషయం కాదు, దీనికి వేరే చోటు ఉంది" అని స్పష్టంగా చెప్పి, ఆ చోటుకు తీసుకువెళ్లే బాధ్యతను అప్పటికప్పుడు ఒకరికి అప్పగించి, సమీక్షను దాని దారిన కొనసాగించాలి. జీతాల పెంపుదలకూ ఈ సమావేశానికీ సంబంధం లేదని కూడా ముందే తేల్చి చెప్పాలి.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో

పని ముగిసిన పది పదిహేను రోజుల్లోపు కూర్చోవడం మంచిది. అంతకన్నా ఆలస్యమైతే జ్ఞాపకాలు మసకబారడమే గాక, మన జిల్లాల్లో మనుషులే దొరకరు. చాలామంది పని ముగియగానే విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో రైలెక్కుతారు. నెలల తరబడి సాగే పనయితే చివరి వరకు ఆగకుండా మధ్యలోనే రెండు మూడు సార్లు కూర్చోవాలి. తేదీని మాత్రం మీ తీరికను బట్టి కాకుండా వచ్చేవారి తీరికను బట్టి నిర్ణయించాలి. మా మొదటి సమావేశాన్ని జీడిపిక్కలు ఏరే రోజుల్లో పెట్టడం మేము చేసిన తప్పుల్లో ఒకటి. వచ్చిన ఆడవాళ్ల చూపు మొదటినుంచీ గుమ్మం వైపే ఉంది. వానలు పడి ఎద చల్లే రోజుల్లోనూ, కోతల రోజుల్లోనూ, విజయనగరంలో అయితే సిరిమాను జాతర వారంలోనూ ఇలాంటి సమావేశం పెట్టకపోవడమే మేలు.

చోటు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. అధికారి బల్ల ఉన్న గదిలో అధికారి కుర్చీయే సగం మాట్లాడేస్తుంది. మా రెండో సమావేశాన్ని ఒక ఊరి సామాజిక భవనంలో పెట్టి, కుర్చీలన్నీ బయట వేయించి, అందరం చాపల మీద గుండ్రంగా కూర్చున్నాము. మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం అరుగు చూపించాము. పదిమంది జట్టుకు రెండున్నర గంటలు కావాలి. అరగంటలో ముగించే సమీక్ష జరపడం కన్నా జరపకపోవడమే నయం. అది జనానికి "అడిగారు గాని వినలేదు" అనే అనుభవాన్ని మిగిల్చి, తరువాతిసారి నోళ్లను ఇంకా గట్టిగా మూయిస్తుంది.

పనిని చేతితో తాకిన ప్రతి ఒక్కరినీ పిలవాలి. ఇది రాయడానికి సులువే గాని, జాబితా రాసేటప్పుడు మన కలం అలవాటుగా జీతగాళ్ల పేర్లు, పదవులున్నవారి పేర్లు రాసి ఆగిపోతుంది. వంట చేసినవారు, సరుకు మోసినవారు, అద్దె బండి తోలినవారు, కంప్యూటరులో అంకెలు ఎక్కించినవారు ఆ జాబితాలోకి రారు. మొదటిసారి మేమూ మొక్కలు తెచ్చిన వ్యాను డ్రైవరును పిలవలేదు. రెండోసారి పిలిచాము, ఆ రోజు కూలి పోకుండా, అతని కిరాయి లెక్క కట్టి ఇచ్చి పిలిచాము. రోజు కూలి మీద బతికేవారిని ఉచితంగా రమ్మనడం న్యాయం కాదు.

నడిపేవారు ఆ పనిలో పాలుపంచుకోనివారైతే మంచిది. పక్క సంస్థలో పనిచేసే మిత్రురాలిని మేము పిలిపించుకున్నాము. ఆవిడ జట్టు సమీక్షను బదులుగా నేను నడిపాను. ఇందులో ఖర్చేమీ లేదు. జట్టు నాయకుడు సమావేశంలో ఉండాలా వద్దా అనేది అందరూ అడిగే ప్రశ్న. ఉండాలి, కానీ అందరికన్నా చివర మాట్లాడాలి. తన మాట ముందు పడితే తక్కినవన్నీ ఆ మాటకు వంతపాటలవుతాయని తెలుసుకున్న నాయకుడికి ఆ మౌనం కష్టమనిపించదు.

మొదటి పది నిమిషాలు

ముందుగా ఒక ఒప్పందం చదివి వినిపించాలి. సాఫ్ట్‌వేరు జట్లకు ఇలాంటి సమీక్షలు నడపడంలో తొలినాళ్లలో పనిచేసిన నార్మన్ కెర్త్ ప్రతి సమీక్షకు ముందు ఒక మాటను అందరూ అంగీకరించాలని సూచించారు. దాని సారాంశం ఇది: అప్పటికి తెలిసినంతలో, అప్పటికి ఉన్న నైపుణ్యంతో, అప్పటి పరిస్థితుల్లో ప్రతి ఒక్కరూ చేతనైనంత బాగా చేశారని నమ్మి మాట్లాడుకుందాము. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. ఫలితం తెలిసిన తరువాత అది మొదటినుంచీ కనబడుతూనే ఉన్నట్టు మనసు మనల్ని నమ్మిస్తుంది. ఈ భ్రమను బరూక్ ఫిషాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లోనే ప్రయోగాలతో చూపించారు. మొక్క ఎండిపోయాక "ఎండిపోతుందని నేను అప్పుడే అనుకున్నాను" అనేవారు అబద్ధం చెప్పడం లేదు, కానీ అప్పుడు నిజంగా అనుకున్నారో లేదో వారికే తెలియదు. అందువల్ల, "అప్పుడు మీకు ఏమి తెలుసు?" అనే ప్రశ్న ఆ రోజంతా గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఆ తరువాత ప్రతి ఒక్కరి గొంతూ ఒకసారి గదిలో వినబడేలా చూడాలి. ఈ పనిలో తనకు గుర్తున్న ఒక రోజు గురించి ఒక్కొక్కరూ ఒక వాక్యం చెబితే చాలు. మొదటి పది నిమిషాల్లో ఒక్క మాటైనా మాట్లాడినవారికి తరువాత మాట్లాడడం తేలికవుతుంది.

దండెం కట్టడం

పద్ధతి మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే భాగం ఇది. అభిప్రాయాలు అడగడానికి ముందు, జరిగింది జరిగినట్టు, తేదీల వరుసలో, అందరూ కలిసి పేర్చాలి. దీనికి ఒక నైలాను తాడు, బట్టలకు పెట్టే క్లిప్పులు, పాత క్యాలెండరు కాగితాలు చాలు. కిటికీ ఊచ నుంచి ఎదుటి తలుపు గడియ దాకా తాడును దండెంలా కట్టాలి. క్యాలెండరు కాగితాలను అరచేతి వెడల్పున కత్తిరించుకుంటే వెనుకవైపు తెల్లగా ఉంటుంది.

తాడు మీద ముందుగా నెలల పేర్లు, వాటి మధ్య పండుగలు పెట్టాలి. మన దగ్గర జ్ఞాపకాలకు తేదీలు అంటుకుని ఉండవు. పండుగలు, వానలు, పెళ్లిళ్లు అంటుకుని ఉంటాయి. "ఆగస్టు 20న ఏమి చేశారు?" అంటే చెప్పలేనివారు "చవితికి ముందు" అనగానే పూసగుచ్చినట్టు చెబుతారు. ఉద్దానంలో వినాయక చవితి, దసరా, నాగుల చవితి, సంక్రాంతి, శివరాత్రి చీటీలు పెట్టాము. విజయనగరంలో ఇలాంటి సమావేశం నడిపినప్పుడు విజయదశమి తరువాతి మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమానునూ, దాని ముందురోజు తొలేళ్లనూ పెట్టగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న అక్టోబరు నెల పావుగంటలో నిండిపోయింది.

తరువాత పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, ఒక్కో చీటీ మీద ఒక్కో సంఘటన రాయాలి. చీటీ మీద జరిగిన సంగతి మాత్రమే ఉండాలి, తీర్పు ఉండకూడదు. "నిర్లక్ష్యం" అనేది తీర్పు. "సెప్టెంబరు 14న మొదటి బండి వచ్చింది" అనేది సంగతి. రాయలేనివారి పక్కన రాసేవారిని ఒకరిని కూర్చోబెట్టాలి. ఆ రాసేవారికి ఒక్కటే నియమం: వారు ఎలా చెబితే అలా రాయాలి, రాసింది చదివి వినిపించాలి, గ్రాంథికం చేయకూడదు. "ఒర్షం నేక దుక్కి ఆగిపోనాది" అని చెప్పిన మాటను "వర్షాభావ పరిస్థితుల కారణంగా జాప్యం" అని మార్చి రాస్తే, ఆ చీటీ చెప్పినవారిది కాకుండా పోతుంది, ఆవిడ మరో చీటీ రాయించదు.

చీటీలన్నీ దండెం ఎక్కాక, అందరూ లేచి, ఆ కొస నుంచి ఈ కొస దాకా నడుస్తూ చదవాలి. పని హాయిగా సాగిందనిపించిన చీటీ మీద పసుపు చుక్క, బరువనిపించిన చీటీ మీద ఎర్ర చుక్క పెట్టమనాలి. ఒకే చీటీ మీద రెండు రంగులూ పడితే అక్కడ తప్పకుండా ఆగాలి. ఒకరికి తేలికైన పని మరొకరి నెత్తిన బరువై పడిందని దాని అర్థం. చీటీలు గుంపుగా ఉన్నచోట కన్నా అసలు లేనిచోట మరింత జాగ్రత్తగా చూడాలి. మాకు జవాబు దొరికింది అలాంటి ఖాళీలోనే.

"మొదటి బండి వచ్చింది" అన్న చీటీకీ, "నాటడం మొదలుపెట్టాము" అన్న చీటీకీ మధ్య జానెడు తాడు బోసిగా ఉంది. తేదీలు చూస్తే తొమ్మిది రోజులు. నడిపే ఆవిడ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఈ రోజుల్లో మొక్కలు ఎక్కడున్నాయి?" అని అడిగారు. ఎవరికీ తెలియలేదు. అప్పుడు గోడకు ఆనుకుని నిలుచున్న డ్రైవరు, "నాను దించినప్పుడు గోతుల్లో ఎరువు నేదు, మన్ను నేదమ్మా. బడి గోడ పక్కన దించేసి ఎల్పోనాను. రెండో తిరుగుడుకి ఒచ్చేసరికి అక్కడే ఉన్నాయి, ఎండలో" అన్నాడు. గది కాసేపు నిశ్శబ్దమైంది. మొదటి బండి మొక్కలు ఏ ఊళ్లకు వెళ్లాయో చీటీలు చూస్తే తెలిసింది: ఎక్కువగా ఎండిపోయినవి ఆ ఊళ్ల మొక్కలే. బిందెలతో నీళ్లు మోసిన ఆడవాళ్లు అప్పటికే వేళ్లు వడలిన మొక్కలకు నీళ్లు పోశారు.

కారణం దాకా వెళ్లడం

గోతులు సిద్ధం కాకుండా బండి ఎలా బయలుదేరింది అనేది తరువాతి ప్రశ్న. ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పాలి. తెలుగులో "ఎందుకలా చేశావు?" అనేది అడిగే ప్రశ్న కాదు, తిట్టే తిట్టు. చిన్నప్పుడు ఇంట్లోనూ బడిలోనూ దాన్ని అలాగే విన్నాము కనుక, ఎంత మెత్తగా అడిగినా ఎదుటివారు సంజాయిషీ మొదలుపెడతారు. టయోటా కర్మాగారాల్లో ప్రసిద్ధమైన ఐదుసార్లు "ఎందుకు" అని అడిగే పద్ధతిని ఇక్కడ అక్షరాలా వాడితే మూడో "ఎందుకు" దగ్గర ఎవరో ఒకరు కన్నీళ్లు పెట్టుకుంటారు. దానికి బదులు, "అప్పుడు మీ చేతిలో ఏ కాగితం ఉంది? దాన్ని చూసి మీకేమి అర్థమైంది? తరువాత ఏమి చేశారు?" అని అడిగితే అదే లోతుకు చేరతాము, ఎవరి మనసూ నొప్పించకుండా చేరతాము.

దీనికి ఎదురు దోషం కూడా మన భాషలోనే ఉంది. కర్త లేకుండా వాక్యం చెప్పడం మనకు బాగా అలవాటు. "ఆలస్యమైపోయింది", "సమాచారం అందలేదు", "అలా జరిగిపోయింది" అంటాము. ఎవరినీ నొప్పించము, దేనినీ తెలుసుకోము. నడిపేవారు ప్రతి అకర్తృక వాక్యాన్నీ మెల్లగా తెరవాలి. ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ రోజున, ఏ మాటల్లో చెప్పారు? మా జట్టులో ఆ ప్రశ్నలకు దొరికిన జవాబు ఇది. నర్సరీవారు ఫోను చేసి, ఆ వారంలో మొక్కలు తీసుకోకపోతే వేరేవారికి ఇచ్చేస్తామన్నారు. ఫోను ఎత్తిన అమ్మాయి రిజిస్టరు చూసింది. అన్ని ఊళ్లకూ ఎదురుగా "గోతులు పూర్తి" అని ఉంది. ఆ గడి నింపిన క్షేత్ర సహాయకుడికి "పూర్తి" అంటే తవ్వకం పూర్తి. చదివిన అమ్మాయికి "పూర్తి" అంటే పశువుల ఎరువు, పైమట్టి నింపి, నాటడమే తరువాయిగా ఉండడం. ఇద్దరూ శ్రద్ధగా పనిచేశారు. ఒక్క మాటకు ఇద్దరి మనసుల్లో రెండు అర్థాలుండడం వల్ల తొమ్మిది రోజుల ఎండ ఆ మొక్కల మీద పడింది. ఆ సహాయకుడు సమావేశం తరువాత నా దగ్గరకు వచ్చి, "ఇన్నాళ్లూ ఆ తప్పు నీళ్లు పోయనివాళ్లదే అనుకున్నానండి" అన్నాడు. ఆ మాట నాకూ వర్తిస్తుంది.

బాగా జరిగినదాన్నీ నిలదీయాలి

చాలా సమీక్షల్లో విజయాలకు పది నిమిషాలు చప్పట్లు, వైఫల్యాలకు రెండు గంటల చర్చ దక్కుతాయి. నాకు ఇది పొరపాటుగా కనిపిస్తుంది. ఓడినదాన్ని ఎలా అడుగుతామో, గెలిచినదాన్నీ అంత శ్రద్ధగా అడగాలి. జపాను కంపెనీల్లో హన్సెయ్ అని పిలిచే ఆత్మపరిశీలన, పని విజయవంతమైనప్పుడు కూడా జరుగుతుంది. మా దండెం మీద ఒక వింత కనిపించింది. ఒక ఊరికి ఎండలో ఉన్న మొదటి బండి మొక్కలే వెళ్లినా, అక్కడ చాలావరకు బతికాయి. మొదట అందరూ "ఆ ఊరివాళ్లకు శ్రద్ధ ఎక్కువ" అన్నారు. శ్రద్ధ అనేది మెచ్చుకోలు, కారణం కాదు; దాన్ని పక్క ఊరికి తీసుకువెళ్లి నాటలేము. కనుక, "మొక్క చేతికి వచ్చిన రోజు నుంచి మీరు ఏమేమి చేశారో వరుసగా చెప్పండి" అని అడిగాము.

మొదటి సమావేశంలో లేచి మాట్లాడిన పెద్దావిడది ఆ ఊరే. ఆవిడ తన చీరచెంగు సర్దుకుని, చేతులతో గొయ్యి ఆకారం చూపిస్తూ చెప్పారు. మొక్క నాటిన రోజే పడమటి, దక్షిణపు ఎండ తగిలే వైపున రెండు తాటి మట్టలు గుచ్చి నీడ కట్టారు. గొయ్యి చుట్టూ కొబ్బరి పీచు పరిచి, దాని మీద నీళ్లు పోశారు. ఇసుక నేలలో పోసిన నీరు పోసినట్టే కిందికి దిగిపోతుందని, పీచు దాన్ని పట్టి ఉంచుతుందని ఆవిడకు ఎవరూ శిక్షణ ఇచ్చి చెప్పలేదు. లేత కొబ్బరి మొక్కకు ఎండ నుంచి నీడ ఇవ్వాలని ఉద్యాన శాఖ కరపత్రాల్లోనూ ఉంటుంది. మేమూ ఆ కరపత్రం పంచాము. పంచాము గాని, తాటి మట్టలు ఎవరు కొట్టి తెస్తారని మాలో ఎవరూ అడగలేదు. ఆ ఊరిలో ఆవిడ మనవడు తెచ్చాడు.

మాట్లాడనివారి మాట

మన సమావేశాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం "అంతా బాగానే జరిగింది సార్" అనేది. వయసు, ఉద్యోగం, కులం, ఆడా మగా తేడా, ఇవన్నీ చాప మీద కూర్చున్నంత మాత్రాన గది బయట ఆగిపోవు. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే జట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదై ఉండడం చూసి మొదట ఆశ్చర్యపోయారు. ఆ జట్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, తప్పును దాచకుండా చెప్పగలుగుతున్నాయని తరువాత తేలింది. నోరు విప్పితే అవమానం ఎదురుకాదనే ఆ నమ్మకాన్ని గురించే ఆవిడ 1999లో మరింత విపులంగా రాశారు. మీ జట్టులో ఎవరూ ఎప్పుడూ ఏ తప్పూ చెప్పడం లేదంటే సంతోషించే ముందు ఒకసారి ఆలోచించండి.

నేను వాడే ఉపాయాలు సామాన్యమైనవి. ముందు ఇద్దరిద్దరుగా ఐదు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి, తరువాత తన మాట గాక పక్కవారి మాట చెప్పమంటాను. తన మాట చెప్పడానికి జంకే మనిషి పక్కవారి మాటను ధైర్యంగా చెబుతాడు. చుట్టూ తిరిగి అడిగేటప్పుడు కొత్తగా చేరినవారితో మొదలుపెడతాను. ఒకరే ఎక్కువ మాట్లాడుతుంటే ఆపను, ఆ మాటలను చీటీల మీద రాయమని చేతికి కలం ఇస్తాను. ఎవరైనా కోపంతో గొంతు పెంచితే, ఆ కోపం వెనుక ఉన్న సంగతి దండెం మీద ఎక్కడుందో చూపించమని అడుగుతాను. చాలాసార్లు ఆ చీటీ అప్పటికింకా రాయబడలేదని తెలుస్తుంది. రాసి తగిలించాక గొంతు తగ్గుతుంది. కన్నీళ్లు వస్తే సమావేశం ఆపి, నీళ్లు ఇచ్చి, పది నిమిషాల విరామం ఇస్తే సరిపోతుంది. ఫోనులో వీడియో తీయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు.

నిర్ణయాలు

చివరి ముప్పావు గంట నిర్ణయాలకు ఉంచుకోవాలి. మూడుకు మించి తీసుకోకూడదు. పదిహేను నిర్ణయాల పట్టిక చూడముచ్చటగా ఉంటుంది, ఒక్కటీ అమలు కాదు. "సమన్వయం మెరుగుపరచుకోవాలి", "ఇకముందు జాగ్రత్తగా ఉండాలి" వంటివి నిర్ణయాలు కావు. వాటిని సోమవారం పొద్దున్న ఎవరు మొదలుపెడతారో చెప్పలేము. ప్రతి నిర్ణయానికీ చేసే పని, చేసే మనిషి, చేయవలసిన తేదీ ఉండాలి. ఆ మనిషి గదిలోనే ఉండి, తన నోటితో ఒప్పుకోవాలి. గదిలో లేనివారికి పని అప్పగించడం తేలిక కనుకనే అది చెల్లదు. మన చేతిలో లేని విషయాలను, అంటే తుపానును, ప్రభుత్వ మంజూరు ఆలస్యాన్ని, నర్సరీవారి గడువును ఒక పక్కన వేరే రాసి, వాటికి ముందుగా సిద్ధపడే మార్గం ఏదైనా ఉంటే దాన్ని మాత్రమే నిర్ణయంగా తీసుకోవాలి.

మేము తీసుకున్నవి మూడు. రిజిస్టరులో "గోతులు పూర్తి" అన్న గడిని తీసేసి, తవ్వకం, ఎరువు మట్టి నింపడం, నాటడానికి సిద్ధం అనే మూడు గడులు పెట్టాలి. క్షేత్ర సహాయకుడు జూన్ చివరిలోగా కొత్త రిజిస్టరు రాయాలి. బండి కదలడానికి ముందు ఆ ఊరి సంఘం నాయకురాలికి ఫోను చేసి "సిద్ధం" అని వినాలి. ఇది నర్సరీతో మాట్లాడే అమ్మాయి బాధ్యత. మొక్కతో పాటే రెండు తాటి మట్టలు, ఒక బుట్ట పీచు ప్రతి గోతి దగ్గరకూ చేరాలి. ఆ ఖర్చును నేను బడ్జెటులో చూపాలి.

సమావేశం ముగిశాక మూడు రోజుల్లోగా ఒకే ఒక పేజీ రాసి, వచ్చినవారందరికీ పంపాలి, చదవలేనివారికి ఫోనులో చదివి వినిపించాలి. అందులో పేర్లు నిర్ణయాల దగ్గర తప్ప మరెక్కడా ఉండకూడదు. ఆ పేజీ ఫైలులో పడిపోకుండా చూడడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే: తరువాతి పని మొదలుపెట్టే రోజున మొదటి పది నిమిషాలూ దాన్ని బిగ్గరగా చదవడం. మూడింటిలో ఏది జరిగింది, ఏది జరగలేదు అని అక్కడే అడగాలి. జరగనిదానికి మళ్లీ తేదీ పెట్టడమో, అనవసరమని తేలితే కొట్టివేయడమో చేయాలి, ఊరికే వదిలేయకూడదు.

ఆ వానాకాలం మళ్లీ మొక్కలు తెప్పించాము. కొత్త రిజిస్టరులో మూడు గడులు వచ్చాయి. ఊళ్లకు ఫోను చేసే అలవాటు మాత్రం మొదటి వారంలో ఒకటి రెండుసార్లు తప్పింది. నర్సరీ దగ్గర మొక్కలు ఎక్కించడానికి నిలబడిన డ్రైవరు ఒకనాటి ఉదయం తానే ఆ అమ్మాయికి ఫోను చేశాడు: "ఆ ఊళ్లో గోతుల్లో ఎరువేసినారా అమ్మా? కనుక్కుని సెప్పండి, అందాకా బండి కట్టను."